వినుటయే కొలువు: ఉక్కునగరము, రేడియో సిపాయిలు

జంషెడ్‌పూర్‌లో కాపురమున్న తెలుగువారికి బిష్టుపూర్ అనగా అంగడివీథి మాత్రమే కాదు. ఉక్కు కర్మాగారమునకు చేరువనున్న పేట యది. ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము వెలసిన చోటు. విశాఖ, గంజాము సీమలనుండి బెంగాల్–నాగపూర్ రైలుమార్గము పట్టుకొని వచ్చి, కొలిమిలోను, రేకుల కర్మాగారములోను, రైల్వేలోను కొలువు సంపాదించుకొనిన కుటుంబములు పండుగకును పబ్బమునకును కలిసికొనిన తావు. అచటివారి దినచర్యను గడియారముకన్న ముందు నడపినది కర్మాగారపు కూత. కూత వినబడగనే ఇంట పొయ్యి వెలిగెడిది. మరల కూత వినబడగనే ఇల్లాలు వీథివైపు చూచెడిది.

శబ్దము విని పని ఆరంభించువారు కొందరు. శబ్దము వినుటయే పనిగా గలవారు మరికొందరు. సైన్యమునందలి రేడియో సిపాయిలు ఈ రెండవ తెగవారు. చేత తుపాకి యున్నను వారి ఆయుధము చెవి. యుద్ధచరిత్రలలో సేనాపతుల పేరులును, గెలిచిన కొండల పేరులును ఉండును గాని, రాత్రియెల్ల చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని చీకటిలో కూర్చుండిన పదునెనిమిదేండ్ల కుర్రవాని ముచ్చట సాధారణముగా ఉండదు. ఆ ముచ్చటకును, ఈ ఉక్కునగరమునకును గల పొత్తును కొంత జ్ఞాపకము చేసికొనుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ఒక్క యేట రెండు పుట్టుకలు

1911 ఫిబ్రవరి 15వ తేదీన భారత సైన్యమునందు మొదటి సిగ్నల్ కంపెనీలు ఫతేగఢ్‌లో ఏర్పడినవి. అంతకుముందు వార్తలు పంపుటకు ప్రతి దళమును తన జెండాలను, దీపములను, సూర్యకాంతిని అద్దముమీద మెరపించు హీలియోగ్రాఫును నమ్ముకొని యుండెను. వార్త నడపుటయే వృత్తిగా గల ప్రత్యేక దళము అప్పుడు పుట్టినది. అదే యేట డిసెంబరు 2వ తేదీన సింగ్‌భూమ్ అడవులనడుమ, సాక్చీ అను పల్లెలో, తాతా సంస్థవారి కొలిమినుండి మొదటి ఇనుము ప్రవహించెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో ఉక్కు వచ్చెను. ఇట్లు సిగ్నల్ దళమును, ఉక్కునగరమును ఒక ఈడువి.

ఈ రెండును మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియా ఎడారిలో కలిసికొనినవి. సాక్చీలో తయారైన పట్టాలు సుమారు 1,500 మైళ్ళ పొడవున ఆ యుద్ధరంగములకు చేరినవని చరిత్ర చెప్పుచున్నది. 1919 జనవరి 2వ తేదీన వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు స్వయముగా వచ్చి, ఆ సహాయమును కొనియాడి, సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టెను. కాలిమాటి రైలుస్టేషను టాటానగర్ అయ్యెను.

పట్టాలు మోసిన ఎడారిలోనే రేడియో సిపాయి మొదటి పరీక్షను ఎదుర్కొనెను. 1915 డిసెంబరు 7వ తేదీన కూత్ పట్టణములో జనరల్ టౌన్‌షెండ్ సేనను తురుష్కులు చుట్టుముట్టిరి. సేనలో భారతీయులే అధికులు. రాకపోకలు తెగిపోయినను ఒక్క త్రోవ తెగలేదు. వైర్‌లెస్ యంత్రము ద్వారా కూత్‌లోని సేన, దానిని విడిపించుటకు వచ్చుచున్న సేనతో అయిదు నెలలపాటు మాటలాడుచునే యుండెను. తిండి తరిగి, గుఱ్ఱములను కోసికొని తినవలసిన దినములు వచ్చినను ఆ మాట ఆగలేదు. 1916 ఏప్రిల్ 29న సేన లొంగిపోయెను. చెరపట్టబడిన సామాన్య సిపాయిలలో పెద్దసంఖ్యవారు ఎడారి నడకలో, ఖైదులో మరణించిరి. రేడియో ఆకలి తీర్చదు, కోటను రక్షింపదు. కాని మనిషి ఒంటరివాడు కాడని చెప్పును. ఆనాటినుండి రేడియో సిపాయి కొలువునకు గల అర్థము ఇంతే.

1942 వేసవి

రెండవ ప్రపంచయుద్ధము జంషెడ్‌పూర్ గుమ్మములోనికే వచ్చెను. 1942 మార్చి 8న రంగూన్ జపానువారి వశమయ్యెను. ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. అదే యేడు డిసెంబరు 20వ తేదీ రాత్రి కలకత్తా మీద మొదటి బాంబులు పడినవి. బిష్టుపూర్‌లోని తెలుగు కుటుంబమునకు ఇది రెండు వైపులనుండి వచ్చిన భయము. పుట్టిన సీమ అప్పటికే బాంబుల పాలైనది. పొట్ట పోసికొను నగరము శత్రువు కన్నులలో అంతకన్న పెద్ద గురి. భారతదేశమున యుద్ధమునకు ఉక్కు నిచ్చు ముఖ్యమైన కొలిమి అచటనే యున్నది. తాతా కర్మాగారపు కవచపు రేకులతో తయారైన ‘టాటానగర్’ యుద్ధశకటములు 4,600కు పైగా సైన్యమునకు చేరినవి.

కావున కొలిమి మంటలు ఆకాశమున కానరాకుండ జాగ్రత్తలు తీసికొనబడినవి. విమానములు క్రిందికి దిగకుండ తాళ్ళతో కట్టిన పెద్ద బెలూనులు నగరముపై ఎగురవేయబడినవి. విమానములను కూల్చు ఫిరంగులు నిలుపబడినవి. ఈ ఫిరంగులను జనులు ‘ఆక్-ఆక్’ అనుట వాని చప్పుడునుబట్టి యని పలువురు తలచుచుందురు. నిజమునకు అది సిగ్నల్ సిపాయిలు ఇచ్చిన పేరు. టెలిఫోనులో అక్షరములు పొరపడకుండుటకు ‘ఎ’ అను ఆంగ్లాక్షరమును వారు ‘ఆక్’ అని పలుకుచుండిరి. విమానవిధ్వంసక ఫిరంగికి గల ఆంగ్లనామములో రెండు మాటలును ‘ఎ’తో మొదలగును, అందుచే ‘ఆక్-ఆక్’ అయ్యెను.

కాని ఫిరంగి ఎంత పెద్దదైనను దానికి ముందు ఒక చెవి కావలెను. శత్రువిమానము వచ్చుచున్నదని కొన్ని నిమిషములు ముందు తెలియనిచో ఫిరంగియు, బెలూనును నిరర్థకములు. ఇందులకై బెంగాల్, అస్సాము సరిహద్దులయందు వైర్‌లెస్ పరిశీలక దళములు నియమింపబడినవి. కొండకొమ్మున ఒక గుడిసె, కొలది మంది మనుషులు, ఒక రేడియో యంత్రము. విమానముల మ్రోత వినబడగనే ఎన్ని, ఏ దిక్కు, ఎంత ఎత్తు అని వెంటనే పంపవలెను. మరికొందరు శత్రువు మాటలాడుకొను రేడియో వార్తలనే చాటుగా వినుచుండిరి. ఢిల్లీలోని ఆనంద్ పర్బత్ కొండమీద, రాంజస్ కళాశాల భవనములందు, ‘వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్’ అను పేర ఒక రహస్య కేంద్రము నెలకొనెను. దానికి బెంగుళూరులో ఒక శాఖ, కలకత్తా ప్రక్కనున్న బారక్‌పూర్‌లో మరియొక శాఖ యుండెను. అచట వినువారిలో భారతీయ సిగ్నల్ సిపాయిలును కలరు.

చుక్కలు, గీతలు, గురులఘువులు

ఈ సిపాయిలు ఎట్లు తయారైరి? సిగ్నల్ శిక్షణకు ప్రధానస్థానము జబల్పూరు. యుద్ధకాలమున బెంగుళూరులోను మరియొక శిక్షణ కేంద్రము వెలసెను. 1939లో రెండు లక్షలు మాత్రమే యున్న భారతసైన్యము 1945 నాటికి 25 లక్షలకు చేరినది. అంతవరకు సైనికవృత్తి ఎరుగని ఇండ్లనుండి, మద్రాసు రాజధానినుండి గూడ, యువకులు చేరిరి. కొందరిని సాహసము పిలిచినది. పెక్కుమందిని పిలిచినది జీతము, రెండుపూటల భోజనము, ఇంటికి పంపగల మనియార్డరు. 1943లో బెంగాల్‌ను కబళించిన కరవులో లక్షల ప్రాణములు పోవుట చూచినవారు ఆ భోజనమునకు గల విలువను తేలికగా తీసివేయలేరు.

తెలుగు కుర్రవానికి శిక్షణ యనగా మూడు భాషలు ఒక్కసారి నేర్చుకొనుట. మొదటిది సైన్యపు భాష, ఆంగ్లలిపిలో వ్రాయు ఉర్దూ. కవాతు ఆజ్ఞలును, లంగరులో రొట్టె అడుగుటయు ఆ భాషలోనే. రెండవది వార్తలకు అవసరమైన ఆంగ్లము. మూడవది మోర్సు. ఉదయము బిగిలు, వ్యాయామము, కవాతు. పిదప పొడవాటి బల్లలముందు వరుసగా కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క హెడ్‌ఫోను తగిలించుకొని గంటలతరబడి ‘డిట్, డా’ వినుట. గురువు వేగము పెంచుచు పోవును. శిష్యుని పెన్సిలు వెనుకబడరాదు.

మోర్సు లిపి తెలుగువానికి పూర్తిగా క్రొత్తది కాదని చెప్పవచ్చును. మన ఛందస్సు తెలిసినవానికి చుక్క లఘువు, గీత గురువు. గురువునకు మనము రెండు మాత్రలు లెక్కింతుము. మోర్సులో గీత మూడు చుక్కల పొడవు. అంతే భేదము. ‘ఎ’ అక్షరము లఘువు మీద గురువు, అనగా వగణము. ‘ఎన్’ దానికి తలక్రిందులు, హగణము. మూడు లఘువుల నగణము ‘ఎస్’. మూడు గురువుల మగణము ‘ఓ’. మునుగుచున్న ఓడ ‘ఎస్. ఓ. ఎస్.’ అని మొరపెట్టినప్పుడు వినబడునది నగణము, మగణము, నగణము. పద్యమును లెక్కించువాడు కవి కానట్లే, చుక్కలను లెక్కించువాడు రేడియో సిపాయి కాడు. నిమిషమునకు ఇరువది మాటల వేగములో ఒక్క చుక్కకు సెకనులో పదునారవ వంతైనను దక్కదు. లెక్కించుటకు వ్యవధి లేదు. అక్షరమంతయు ఒక్క నాదముగా చెవిలో పడవలెను. చేయి తనంత తాను వ్రాయవలెను. ఆ స్థితికి వచ్చినవాడే పనివాడు.

పనిలోనికి వచ్చినపిమ్మట కష్టము వేరు. 19వ నంబరు, 22వ నంబరు యంత్రములు ఆనాటి సిపాయికి సొంత పెట్టెవలె పరిచితములు. యుద్ధాంతమున వచ్చిన 62వ నంబరు యంత్రము నీటిలో తేలగలది. స్వతంత్ర భారతసైన్యములోను అది చాలకాలము నిలిచెను. యంత్రము తేలికయైనను దాని తిండి బరువు. సీసపు బ్యాటరీలు, వానిని నింపు చార్జింగ్ ఇంజను, పెట్రోలు, శుద్ధజలము, ఏరియల్ తీగెలు. బర్మా అడవులలో వీనినెల్ల కంచరగాడిదలమీద మోయించిరి. గాడిద నదిలో జారిపడినచో దళమంతయు మూగదగును. విమానములు తిండి జారవిడువవలసిన చోటు చెప్పుటకు నోరు లేకపోవును.

వానకాలమున ఉరుములు చెవిలో బాణసంచావలె పేలును. రాత్రి ఆకాశపు పొరలు మారును. పగలు పలికిన తరంగము రాత్రి పలుకదు. వేరొక తరంగమునకు మారవలెను. దూరపు కేంద్రము సన్నగా, దోమపాటవలె, వినబడుచుండును. ఆ పాటనుండి ఒక్క అక్షరము జారినను ఒక ఊరిపేరు మారిపోవచ్చును. ఒకరినొకరు ఎన్నడును చూడని సిపాయిలు ఒకరి చేతివాటమును ఒకరు గుర్తుపట్టెడివారు. ప్రతివాని చేతిలోను చుక్కకును గీతకును నడుమ ఒక సొంత నడక యుండును. దస్తూరివలె అది దాగదు. శత్రువుల రేడియోను వినువారు సయితము ఆ నడకనుబట్టియే, పేరు మార్చుకొనిన కేంద్రమును పసికట్టెడివారు.

వీనికన్న కఠినమైనది మరియొకటి కలదు. వార్తలలో ముఖ్యమైనవన్నియు గుప్తలిపిలో నడచును. అయిదేసి అక్షరముల గుంపులు, పుటలకు పుటలు. వ్రాసికొను సిపాయికి అందులో ఒక్క మాటకును అర్థము తెలియదు. ఎవరో గెలిచిరో, ఎవరో చచ్చిరో, తన తమ్ముడున్న దళమే ముట్టడిలో చిక్కెనో, వానికి తెలియదు. తెలిసినను చెప్పరాదు. ఇంటికి వ్రాయు జాబులు అధికారులు చదివి విడిచెడివారు. బ్రిటనులోని బ్లెట్చ్‌లీ పార్కులో జరిగిన గుప్తలిపి భేదనము లోకమునకు విశదమైనది 1974లో మాత్రమే. అంతవరకు ఆ గొలుసుతో ముడిపడిన ఆనంద్ పర్బత్, బారక్‌పూర్ కేంద్రముల పనియు మరుగుననే యుండెను. యుద్ధములో ఏమి చేసితివని మనుమడు అడిగినప్పుడు, ఇట్టి వృద్ధులు నవ్వి ఊరకుండిన కారణము ఇదియే.

రెండు విధేయతలు

సిపాయి చెవికి హెడ్‌ఫోను తగిలించినను లోకపు మాట దాని వెలుపల ఆగలేదు. 1942 ఆగస్టు 8న ‘క్విట్ ఇండియా’ తీర్మానము జరిగెను. ఆగస్టు 20న జంషెడ్‌పూర్ ఉక్కు కార్మికులు జీతము కొరకు గాక, దేశమునకు జాతీయ ప్రభుత్వము కావలెనని పని మానిరి. యుద్ధపు నడుమ ఆ కొలిమి దాదాపు రెండు వారములు స్తంభించెను. అంతకు మించిన విశేషము, నగరములోని పోలీసు కానిస్టేబుళ్ళు రామానంద తివారీ నాయకత్వమున ఎదురుతిరుగుట. యూనిఫారము ధరించినవాడు సయితము అడుగదగిన ప్రశ్న యొకటి కలదని బిష్టుపూర్ వీథులు ఆ ఆగస్టులోనే చూచినవి. ఈ నగరపు కార్మికసంఘమునకు 1928లో అధ్యక్షుడైన సుభాష్ చంద్ర బోసు ఆ సమయమున జర్మనీనుండి రేడియోలో మాటలాడుచుండెను.

అదే నెలలో బొంబాయిలో ఉషా మెహతా అను ఇరువదిరెండేండ్ల యువతియు, ఆమె మిత్రులును చాటుగా ‘కాంగ్రెస్ రేడియో’ నడపిరి. ఇల్లు మార్చుచు, యంత్రము మోయుచు, నవంబరు 12న పట్టుబడువరకు ఆ గొంతు ఆగలేదు. రేడియో అను ఒక్క విద్యయే అటు సామ్రాజ్యమునకును, ఇటు స్వాతంత్ర్యమునకును పనిచేయుచుండెను. హెడ్‌ఫోను తగిలించుకొనిన భారతీయ యువకుడు ఈ రెంటినడుమ కూర్చుండెను. వానిని దేశద్రోహియనుట అన్యాయము. వానికి దేశభక్తి లేదనుటయు అన్యాయము. తిన్న ఉప్పునకు ఒక విధేయత, పుట్టిన మట్టికి ఒక విధేయత. ఈ రెండును ఒకనాడు ఎదురుపడక తప్పదు.

1946 ఫిబ్రవరి

ఆ దినము యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చెను. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ ఆరంభమయ్యెను. యుద్ధము గెలిపించిన సిపాయిలను ఇండ్లకు పంపుట యెప్పుడో, పంపినపిమ్మట బ్రతుకుతెరువేమో ఎవరును చెప్పలేదు. తెల్ల సిపాయికిని నల్ల సిపాయికిని జీతములో, భోజనములో, మర్యాదలో భేదము అట్లే యుండెను.

1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని ‘తల్వార్’ అను నావికాదళ కేంద్రములో సుమారు 1,100 మంది యువ నావికులు భోజనమును, పనిని మానిరి. ‘తల్వార్’ ఓడ కాదు. నావికాదళపు సిగ్నల్ శిక్షణ పాఠశాల. అంతకు కొలది దినముల ముందు అచటి గోడలపై నినాదములు వ్రాసి పట్టుబడిన బలాయ్ చంద్ దత్ టెలిగ్రాఫరు. సమ్మెసంఘమునకు అధ్యక్షుడైన ఎం. ఎస్. ఖాన్ సిగ్నల్ విభాగమువాడు. ఉపాధ్యక్షుడైన మదన్ సింగ్ టెలిగ్రాఫరు. ఒకరు ముస్లిము, ఒకరు సిక్కు. వారి చేతిలోని విద్యయే వార్తను ఓడనుండి ఓడకు, రేవునుండి రేవునకు మోసెను. చూచుచుండగనే 78 ఓడలును, 20 తీరస్థావరములును, సుమారు 20,000 మంది నావికులును అందులో చేరిరి. కరాచీ, కలకత్తా, మద్రాసు రేవులతోపాటు మన విశాఖపట్నములోని నావికులును కదలిరి. బొంబాయి వీథులలో జరిగిన కాల్పులలో రెండు వందలకు మించిన జనులు ప్రాణములు కోల్పోయిరి. సర్దార్ పటేల్ సలహాపై ఫిబ్రవరి 23న నావికులు లొంగిపోయిరి.

నాలుగు దినములకే, ఫిబ్రవరి 27న, జబల్పూరులోని సిగ్నల్ శిక్షణ కేంద్రము కదలెను. సుమారు 1,700 మంది సిపాయిలు పని మానిరి. కాంగ్రెసు జెండాను, ముస్లిం లీగు జెండాను కలిపి పట్టుకొని పట్టణములోనికి ఊరేగిరి. ఆయుధమెత్తలేదు, ఎవరిని చంపలేదు. సైన్యమంతటిలో అంతపెద్ద సమ్మె ఆ దినములలో మరియొకటి లేదనవచ్చును. అయినను ఓడలమీది తిరుగుబాటు చరిత్రపాఠమైనది గాని, జబల్పూరు మాట ఆ పాఠములలో అరుదుగా కానవచ్చును.

ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. నావికాదళములోను సిగ్నల్ పాఠశాలయే, భూసైన్యములోను సిగ్నల్ పాఠశాలయే. రెండుచోట్లను మొదట కదలినవారు రేడియో యువకులే. ఇది కాకతాళీయము కాదు. ఇతర దళములలోకన్న చదువుకొనినవారు ఇందు ఎక్కువ. వార్తాపత్రికలు చదువగలరు. అనేక దళములు కులమునుబట్టి, ప్రాంతమునుబట్టి వేరుగా కూర్పబడగా, శిక్షణ బల్లలముందు పంజాబీ, బెంగాలీ, తమిళ, తెలుగు యువకులు ప్రక్కప్రక్కన కూర్చుండిరి. వీనికి మించిన కారణము వృత్తియే. పాలకులు వానికి రాత్రింబవళ్ళు నేర్పినది శ్రద్ధగా వినుట. మ్రోతలోనుండి మాటను వేరుచేయుట. అట్టి చెవికి, ఈ మాట వినుము, ఆ మాట వినకుము అని హద్దులు గీయుట సాధ్యము కాదు. దేశమంతయు పలుకుచున్న ఒక్క మాట, వినుటయే కొలువైనవానికి ముందుగా వినబడుటలో వింత లేదు.

క్రమశిక్షణ తప్పిన సైన్యము రేపటి స్వతంత్ర ప్రభుత్వమునకును ముప్పగునని పెద్దలు ఆనాడు భయపడిరి. ఆ భయము నిరాధారము కాదు. కాని వెల చెల్లించినవారు పెద్దలు కారు. సైనిక న్యాయస్థానములు కూర్చుండినవి. కొందరికి కారాగారము, పెక్కుమందికి ఉద్వాసన. ఉద్వాసనతో పింఛను లేదు, గౌరవము లేదు. 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. తొలగింపబడిన నావికులను భారత నావికాదళము తిరిగి చేర్చుకొనలేదు, పాకిస్తాను నావికాదళమును చేర్చుకొనలేదు. ముంబయి కొలాబాలో వారికి స్మారకము వెలసినది చాల కాలమునకు మాత్రమే. సామ్రాజ్యము వారిని తిరుగుబాటుదారులని శిక్షించినది. స్వరాజ్యము వారిని మరచినది. ఇరువది యేండ్ల వయస్సులో తీసికొనిన ఒక్క నిర్ణయము శేషజీవితమునంతయు శాసించినది.

అందని వలయము

నిలిచినవారు క్రొత్త దేశమునకు చెవులైరి. 1947లో సైన్యముతోపాటు సిగ్నల్ దళమును రెండు దేశముల నడుమ పంచబడెను. ఒకే తరంగముమీద మాటలాడుకొనిన మిత్రులు ఎదురెదురు తరంగములకు పోయిరి. కాశ్మీరు మంచులోను, 1953లో కొరియాలోను, 1954లో ఇండోచైనాలోను, 1960లో కాంగోలోను భారత సిగ్నల్ సిపాయిలు శాంతికొరకు పనిచేసిరి. ‘తీవ్ర చౌకస్’ అనునది వారి ధ్యేయవాక్యము. వేగముతోపాటు మెలకువ యని దాని భావము. కాలక్రమమున యంత్రములు మారినవి. ఉపగ్రహములు వచ్చినవి. 2013 జూలైలో టెలిగ్రామును సెలవు తీసికొనెను. రైల్వేలోను, తంతి శాఖలోను మోర్సు కీ నొక్కిన తరము ఇంచుమించుగా అంతరించెను.

రేడియో విద్యలో ఒక వింత కలదు. కేంద్రమునుండి బయలుదేరిన తరంగము నేలవెంబడి కొంతదూరము పోయి అణగిపోవును. ఆకాశమునకెగసినది పై పొరలను తాకి, వందలమైళ్ళ ఆవల దిగును. ఈ రెంటినడుమ ఒక వలయము మిగులును. అచట ఏమియు వినబడదు. ప్రక్క జిల్లాలోనివానికి అందని మాట దూరదేశమువానికి స్పష్టముగా అందును. సిపాయిలు దీనిని ఎరిగి, దగ్గరివానితో మాటలాడుటకు తరంగమును మార్చుకొనెడివారు.

మన ఇండ్లలోను ఇట్లే జరిగినది. కూత్ ముట్టడినిగూర్చియు, బ్లెట్చ్‌లీ పార్కునుగూర్చియు దూరదేశములవారు గ్రంథములు వ్రాసిరి. అదే కొలువు చేసిన తాతగారి మాట మాత్రము ప్రక్కగదిలోని మనుమనికి అందలేదు. పెట్టె అడుగున ఒక పతకము, ఒక డిశ్చార్జి పుస్తకము, యూనిఫారములో దిగిన పాత ఛాయాచిత్రము మిగిలియుండవచ్చును. ఆయన ఏ కేంద్రములో కూర్చుండెను, ఏ రాత్రి ఏమి వినెను, 1946 ఫిబ్రవరిలో బల్లముందునుండి లేచెనా, కూర్చుండెనా, లేవలేకపోయినందుకు తరువాత బాధపడెనా, లేచినందుకు ఏమి కోల్పోయెను? ఈ ప్రశ్నలు అడుగువారు లేక పెక్కు జ్ఞాపకములు మౌనముగనే పోయినవి.

కేంద్రప్రభుత్వ కొలువులోనున్న తెలుగు కుటుంబములకు బదిలీలు సహజము. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవునప్పుడు పాతపెట్టెలే మొదట పారవేయబడును. పారవేయుటకు ముందు ఒకసారి తెరచి చూడవలెను. ఇంటిలో ఇంకను ఆ తరమువారిని ఎరిగిన పెద్దలున్నచో, వారి ప్రక్కన కూర్చుండి రెండు పుటలైనను వ్రాసికొనవలెను. బిష్టుపూర్ మందిరమున శ్రీరామనవమికి కూడినప్పుడైనను, సంఘపు వార్షికోత్సవమునకు కూడినప్పుడైనను, ఆ పుటలు పదిమందికి వినిపింపవలెను. అన్యుల మాట వినుటకై యౌవనమును ధారపోసినవారి మాటను ఒక్కసారి వినుట వారి ఋణము తీర్చుకొను మార్గము.